పంతొమ్మిది నిమిషాలు

“మా ఆవిడ ఉద్యోగమేంటో తెలుసా? గడియారాలకి కీ ఇవ్వడం!” అన్నాడు భర్త, భోజనానికి వచ్చిన స్నేహితులతో. అందరూ పగలబడి నవ్వారు. వడ్డిస్తున్న ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే, “జోకు కూడా అర్థం కాదు” అంటాడు. అత్తగారు మాత్రం, “ఆ మాత్రం పనికి రోజూ ఏడింటిదాకా ఎందుకమ్మా?” అని నిజంగానే అడిగింది.

ఆసుపత్రిలోని నాలుగువందల యంత్రాలూ ఒకే టైము చెప్పేలా చూడటం ఆమె పని. అన్నిటికీ టైము పంచే సాఫ్ట్‌వేరు ఆమె చేతిలోనే ఉంటుంది. అది సవ్యంగా నడిచినన్నాళ్లూ అలాంటిదొకటుందని ఎవరికీ తెలియదు.

మర్నాడు వరండాలో ఒక సీనియర్ నర్సు ఆమెను ఆపింది. కళ్లు వాచి ఉన్నాయి. “డాక్టరుగారు మందు రాసిన ఆరు నిమిషాలకే ఇంజెక్షన్ ఇచ్చానండీ. మిషనేమో ఇరవై అయిదంటోంది. పేషెంటు కోలుకున్నాడు గానీ, వాళ్లవాళ్లు కంప్లయింట్ ఇచ్చారు. రేపే ఎంక్వయిరీ. పదిహేడేళ్ల సర్వీసు మేడమ్! ఇంతమంది అంటుంటే, నాకే మతి పోయిందేమో అనిపిస్తోంది.”

ఆ చివరి మాట ఆమెకు కొత్తది కాదు. “నువ్వు నాకు చెప్పనే లేదు” అని భర్త అన్నప్పుడల్లా, చెప్పానో లేదోనని తనను తానే సోదా చేసుకుంటుంది.

వెళ్లి రికార్డులు చూసింది. కరెంటు పోయి వచ్చాక ఆ వార్డుకు టైము పంచే సర్వరు పంతొమ్మిది నిమిషాలు ముందుకు దూకింది. సరిచూసుకోవడానికి దానికున్న ఒకే ఒక్క ఆధారం, బయటి గడియారంతో లింకు, తెగిపోయింది. సాఫ్ట్‌వేరు ఎవరికీ చెప్పకుండా ఆ తప్పు టైమునే పంచింది. డాక్టరు మందు రాసింది కరెంటు పోకముందు, సరైన టైములో; ఇంజెక్షన్ నమోదైంది వచ్చాక, తప్పు టైములో. నర్సు చెప్పింది అక్షరాలా నిజం.

“టైము సరిచేసెయ్, పాతది తవ్వకు,” అన్నాడు సెక్షన్ హెడ్. “మన పీకలకి చుట్టుకుంటుంది.”

“ఊరివాళ్ల గొడవ నీకెందుకు? సర్దుకుపో,” అన్నాడు ఇంట్లో భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆలోచించింది. ఒక్క ఆధారాన్ని నమ్ముకోవద్దు, నాలుగు పెడదాం, మిగతావాటితో కలవనిదాన్ని పక్కన పెడదాం అని ఆర్నెల్ల కిందటే హెడ్‌కు రాసింది. “గడియారానికి నలుగురు కాపలానా?” అని మీటింగులో ఆయన నవ్వించాడు. అప్పుడూ అందరితో పాటు నవ్వేసింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆయన నవ్వినందుకు కాదు, తాను నవ్వినందుకే ఇప్పుడు ఒళ్లు మండింది. పోరు పడలేక ఊరుకోవడం ఇంట్లో అలవాటై, ఆఫీసుకీ వెంట తెచ్చుకున్నట్టుంది. తన నోరు తాను కట్టుకుంటే, దెబ్బ ఇంకొకావిడకు తగిలింది.

పొద్దున్నే వెళ్లి నాలుగు ఆధారాలూ అమర్చింది. ఒకదాని కేబుల్ లాగి చూసింది. టైము చెక్కు చెదరలేదు, నిమిషంలో హెచ్చరిక వచ్చింది. జరిగిందంతా రాసి, ఆ పాత ఉత్తరం జతచేసి, కింద సంతకం పెట్టింది.

ఎంక్వయిరీ గది బయట హెడ్ ఎదురయ్యాడు. “నిన్నెవరూ పిలవలేదుగా?”

“లేదు,” అని తలుపు తోసింది.

బల్ల అవతల నలుగురు, ఇవతల తలవంచుకుని నర్సు. “ఎవరమ్మా మీరు?” అన్నాడు పెద్దాయన.

ఆమె కాగితాలు బల్లమీద పెట్టింది. “లేటు చేసింది ఈవిడ కాదండీ, నేను,” అంది. “ఈ మాట ఆర్నెల్ల కిందటే గట్టిగా చెప్పాల్సింది.”