కరెంటుతో పాటు పోయిన గొంతు

నేను ఒక టెలిఫోనుని. జేబులో ఇమిడే రకం కాదు. బల్ల మీద కుదురుగా కూర్చుని, మెలికల తీగ చివర బరువైన రిసీవరు మోసే ఎర్రరంగు దాన్ని. ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర ఒకామె నా రిసీవరు చెవికి ఆనించుకుని, "హలో" అని ఒక్క మాట అని ముందుకు తోసేసింది. నేను విన్న మొదటి మాట అదే. ఎవరిని పిలిచిందో ఆమెకే తెలియదు.

మొదట విశాఖపట్నంలో ఒక బెల్లం వ్యాపారి కొట్లో ఉన్నాను. అనకాపల్లికి ఫోను చేస్తే ఆయన మామూలుగానే మాట్లాడేవాడు. రాయపూర్‌కి చేస్తే వీధి వీధంతా వినేది. దూరం పెరిగేకొద్దీ గొంతు పెంచాలని ఆయన గట్టి నమ్మకం. ఆయన కొట్టు కట్టేశాక ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌కి చేరాను. అక్కడ అందరూ గుసగుసలే. గదినిండా మిషన్లు టకటకలాడుతుంటే, నా దగ్గర మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు. మనుషులకి ఎక్కడ అరవాలో ఎక్కడ అరవకూడదో తెలియదని అప్పట్లో నవ్వుకునేదాన్ని.

ఆ ఇన్‌స్టిట్యూట్ కూడా మూతపడింది. దాని యజమాని నన్ను దేముడనే ఆయనకి ఇచ్చేశాడు.

దేముడు రాళ్ళ క్రషర్‌లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. అతని ఇల్లు సరిగ్గా కొండ కింద ఉంది. లోపల సెల్‌ఫోనుకి సిగ్నల్ అందదు. మాట్లాడాలంటే మేడ ఎక్కాలి. మంచం దిగి గుమ్మం దాకా నడిస్తేనే ఆయాసపడేవాడు, ఇక మేడెక్కడం ఎక్కడ? అందుకే నన్ను మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. అటుపక్క అతనికి ఆక్సిజన్ అందించే మిషను, ఇటుపక్క నేను. భార్య నూకరత్నం బడిలో పిల్లలకి మధ్యాహ్నం వంట చేస్తుంది. వెళ్ళేముందు తలుపు దగ్గరగా వేసి, "ఏటైనా అయితే బడికి ఫోన్ సెయ్యి. నేను నిమిషంలో ఒచ్చెత్తాను" అనేది. కరెంటు పోయి ఆక్సిజన్ మిషను ఆగిన ప్రతిసారీ అతను నన్నే అందుకున్నాడు. నాకు ఇంటి కరెంటుతో పనిలేదు. రాగి తీగలోనే ఎక్స్ఛేంజి నుంచి నాకు కావలసినంత వచ్చేది. ఊరంతా చీకటైనా నా గొంతు పలికేది. ఆమె పరుగున వచ్చి మూలనున్న ఆక్సిజన్ సిలిండరు తాళం తిప్పేది.

ఒకరోజు జోగారావు అనే లైన్‌మేన్ వచ్చాడు. ఈ కాలనీలో రాగి తీగలన్నీ తీసేస్తున్నారని, ఇక ఇంటింటికీ ఫైబరేనని చెప్పాడు. గోడకి తెల్లటి పెట్టె బిగించాడు.

"నంబరు మారదమ్మా. ఫోను తీసి ఈ పెట్టె వెనకాల గుచ్చితే చాలు. వద్దనుకుంటే సెల్లే వాడుకోవచ్చు."

"సెల్లు ఈడ పలకదు బాబూ. మరి కరెంటు పోతే?"

జోగారావు స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంటూ ఆగాడు. "పోతే పెట్టె ఆగిపోద్ది. ఫోనూ ఆగిపోద్ది. చిన్న బ్యాటరీ ఒకటి పెట్టించుకోవాలి. స్టాకు వచ్చాక తెస్తాను."

"మావోడికి ఊపిరాడదు బాబూ. మర్సిపోకు."

అతను మర్చిపోలేదు. స్టాకే రాలేదు. నూకరత్నం బడి నుంచి వస్తూ టెలిఫోను ఆఫీసుకి వెళ్ళి అడిగేది. వస్తుందమ్మా అనేవారు. ఇంటికొచ్చి దేముడితో అదే మాట చెప్పేది. ఈలోగా వానలు మొదలయ్యాయి.

ఆరోజు ఆమె బడికి వెళ్ళిన కాసేపటికే కొండ మీద నుంచి వాన దిగింది. ఫ్యాను నెమ్మదించింది. పెట్టె మీది పచ్చదీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆక్సిజన్ మిషను ఒక కూత కూసి ఆగింది. నాలో ఏదో తెగినట్టయింది. ఎప్పుడూ నా చెవిలో సన్నగా మోగే ఆ జుంయ్‌మనే చప్పుడు లేదు. నేనున్నాను, నా అంకెలున్నాయి, నాలో ప్రాణం మాత్రం లేదు.

దేముడు అలవాటుగా రిసీవరు ఎత్తాడు. బడి నంబరు నొక్కాడు. విన్నాడు. పెట్టేసి, మళ్ళీ ఎత్తి 108 నొక్కాడు. ఏమీ లేదు. "పలకవే," అన్నాడు నాతో. "పలకవే తల్లీ." అంత దగ్గరగా ఎవరూ నన్ను బతిమాలుకోలేదు. పలకాలని నాకెంత ఉన్నా ఏం లాభం? ఆ గోడ మీది పెట్టెకి నేను ముడిపడి ఉన్నాను. అతని వేళ్ళు చల్లబడుతున్నాయి. పెదవులు నీలం తిరిగాయి. సిలిండరు వైపు చెయ్యి చాచి, మంచం అంచు దాకా జరిగి, అక్కడే ఒరిగిపోయాడు. రిసీవరులోకే, "రత్నం... రత్నం..." అన్నాడు. ఆ మాట నాలోకి వచ్చి ఎటూ వెళ్ళలేక నాలోనే ఉండిపోయింది.

అప్పుడు అతను కోపం కొద్దీ చేశాడో, తెలిసే చేశాడో నాకిప్పటికీ తెలియదు. రిసీవరు పట్టుకుని తల దగ్గరున్న కిటికీ ఇనప చువ్వల మీద కొట్టాడు. ఠంగుమంది. మళ్ళీ కొట్టాడు. నా డొప్ప పగిలింది. ఇంకా కొట్టు అనుకున్నాను. నా లోపలి తీగలు బయటపడ్డాయి. కొట్టు, కొట్టు నాయనా. నాలుగోసారికి చెయ్యి లేవలేదు. రిసీవరు జారి తీగకి వేలాడింది.

పైవాటాలో ఉండే పైడితల్లి చూరు కింద బిందె పెట్టడానికి దిగింది. "ఏటా సప్పుడు? దేముడన్నా!" అంటూ తలుపు తోసింది. చూసి గుండెలు బాదుకుంది. సిలిండరు దగ్గరికి ఉరికి తాళం తిప్పింది. తిరగలేదు. ఏడుస్తూ రెండోవైపు తిప్పింది. గాలి బుస్సుమంది. గొట్టం అతని ముక్కుకి పెట్టి, "పీల్సన్నా, నీకు దండం పెడతాను, పీల్సు," అంటూ కాసేపు ఛాతీ రాసి, ఆ వానలోనే తన సెల్‌ఫోను పట్టుకుని మేడ మీదికి పరుగెత్తింది.

బతికాడు. ఆస్పత్రిలో చాన్నాళ్ళు ఉండి, సగం మనిషై ఇంటికొచ్చాడు. ఈసారి నూకరత్నం టెలిఫోను ఆఫీసు గుమ్మంలో కూర్చుని బ్యాటరీ పెట్టించుకునే దాకా లేవలేదు. తెల్లటి కొత్త ఫోను కూడా తెచ్చింది. బడిలో వంటపని మానేసింది.

"బేట్రీ ఉందిగదే, ఎందుకు మానీసినావు?" అన్నాడు దేముడు, మాట మాటకీ ఆగుతూ.

"అదీ ఆగిపోతే?" అంది ఆమె.

అతను పెట్టె మీది పచ్చదీపాల వైపు చూశాడు.

పాత సామాన్లవాడు వస్తే, విరిగిన బకెట్టుతో పాటు నన్నూ బండిలో వేసింది. ఆ తర్వాత ఒక్కసారి నా పగిలిన డొప్ప మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. బండి కదిలింది. కొండ మీద మళ్ళీ మబ్బు పట్టింది. తెరిచిన కిటికీలోంచి ఆమె కనబడింది. కొత్త ఫోను ఎత్తి చెవికి పెట్టుకుని చప్పుడు వస్తోందో లేదో విని పెట్టేసింది. మొగుడి వైపు చూసింది. మళ్ళీ ఎత్తింది.