ముత్యాలమ్మ వ్యాజ్యము

శరత్కాలావసానమున వర్షధౌతనిర్మలమైన గగనతలము క్రమక్రమముగ కుంకుమచ్ఛాయ దాల్చుచుండ, తూర్పుకనుమల దిగువనున్న సిమెంటురేకుల కర్మాగారపు ధూమరాశి పడమటిగాలికి జీడితోపులమీదుగ సముద్రాభిముఖమై సాగుచుండ, ఆ సంధ్యాసమయమున కర్మాగారద్వారమునుండి శ్వేతధూళిధూసరితగాత్రులై వెలువడు కార్మికులను జూచిన క్రొత్తవారికి వీరు పిండిమరలో పనిచేసి వచ్చుచున్నారేమో యని తోచెడిది.

వారిలో సన్నాసయ్య యొకడు. రేకులలో కలుపు రాతినార, అనగా ఆస్బెస్టాసు, నింపిన సంచులను కత్తితో కోసి తొట్టిలో కుమ్మరించుట యాతని పని. ద్వారము చెంత కుళాయి యుండెను గాని యచట మేను కడుగుకొని పోవువాడొక్కడును లేడు. తెల్లగ నిల్లు చేరుటయే కంపెనీయుద్యోగమునకు గుర్తని యా కార్మికుల పేటవారి తలంపు. కడుగుకొనినవానిని దినకూలి యని యెగతాళి చేసెడివారు. ఎంత వెఱ్ఱి! సన్నాసయ్య భార్య ముత్యాలమ్మయు ప్రతిదినము వాకిట నిలిచి పదిమందియు చూచుచుండగ మగని చొక్కాను గుంజకు కొట్టి కొట్టి దులిపి పిమ్మట నుతుకుచుండెడిది. ఆ దులుపుటలో నామెకు గల గర్వము పట్టుచీర కట్టినవారికిని లేదు.

ఏండ్లు గడచెను. దగ్గు వచ్చినది మగనికి గాదు, ఆలికి. పట్టణపు వైద్యుడు ఎక్స్-రే పటమును వెలుతురున కెత్తి చూచి, "ఏ ఫ్యాక్టరీలో చేసేదానివమ్మా?" అని యడిగెను.

"నానే పనికీ ఎల్నేదు బాబూ. ఈయన బట్టలు ఉతికీదాన్ని, అంతే" అని యామె పలికెను.

వైద్యుడు పటమును దింపి సన్నాసయ్య వంక చూచెను. ఊపిరితిత్తుల పొరకు రాతినార దుమ్ము పుట్టించు రాచపుండు అది యనియు, నొప్పికి తప్ప రోగమునకు మందు లేదనియు మెల్లగ తెలిపెను.

ఆ దుమ్మే తన యింటిదాని నిట్లు చేసెనను నొక్కమాట కర్మాగారమువారిచేత ననిపింపవలెనని సన్నాసయ్య న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. అంతకుమించి యాతడు కోరినది లేదు. ప్రతివాదుల వకీలు లేచి, "ఆమె మా కార్మికురాలు కాదు. పైగా అటువైపు ఆడవాళ్లు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తారు, జబ్బు దానివల్లే" అనెను.

"మాయాడది ఏనాడూ సుట్ట ముట్నేదు బాబయ్యా!" అని సన్నాసయ్య యెలుగెత్తి యఱచెను.

న్యాయాధికారి జాలిపడెను. కాని కార్మికులకొఱకు చేసిన చట్టమున కార్మికుని భార్యకు చోటు లేదని చెప్పి వ్యాజ్యమును కొట్టివేసెను. జాలికి చట్టములో పనియేమి?

ఇల్లు చేరునప్పటికి ముత్యాలమ్మ నులకమంచముపై దిండ్ల కానుకొని, ఒక్కొక్క యూపిరిని కష్టముతో లాగుచు, మగనికొఱకు కనిపెట్టుకొని యుండెను.

"ఏటన్నారు?"

"మనకి సట్టం నేదన్నారు."

"తప్పెవులిదన్నారు?"

"ఎవులిదీ కాదన్నారు."

ఆమె, "పోన్లే, నీదన్నేదు గదా. కోర్టోలు నిన్నంతారేమోనని బెంగెట్టుకున్నాను" అనెను.

సన్నాసయ్య మంచపుకోడును పట్టుకొని పసివానివలె నేడ్చెను. ఓదార్చుటకు చేయి యెత్తబోయి శక్తి చాలక ముత్యాలమ్మ యూరకుండెను. మఱునాడు సూర్యోదయమున నాతడు, ఆమె నొప్పిమందుకొఱకు, రాతినార సంచులు కోయుటకే మరల బయలుదేరెను. మందు కొనిపెట్టు పని వేరొకటి యాతనికి రాదు.