కత్తి ముందు, మంచు తర్వాత

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. పుట్టింది ఎక్కడో సముద్రం అవతలి కార్ఖానాలో. దెబ్బలు తినడం నేర్చింది మాత్రం రాజమండ్రిలో. నా మొదటి యజమాని ఇసుక కాంట్రాక్టరు. కోపం వస్తే గుమాస్తాను కొట్టేవాడు. చేతికి మరేదీ దొరకని ఒక రోజు నాతోనే కొట్టాడు. గుమాస్తాకు పన్ను ఊడింది, నాకు మూల పగిలింది. మర్నాడు ఇద్దరినీ వదిలించుకున్నాడు. తాము పగలగొట్టినవి కళ్లెదుట ఉంటే మనుషులకు ఇబ్బంది కాబోలు.

పాత కంప్యూటర్ల కొట్టులో నన్ను కొన్నవారు రెవరెండ్ కృపావరం గారు. గోదావరి గట్టుకు దగ్గర్లో, పాస్టర్లను తయారుచేసే చిన్న కళాశాలలో హీబ్రూ చెప్పేవారు. నాలో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. అది పాత నిబంధనలోని హీబ్రూ మాటలను లెక్కగట్టి, తరచుగా వచ్చేవాటిని ముందు, అరుదుగా వచ్చేవాటిని వెనక చూపిస్తుంది. అర్థం చెప్పగలిగిన మాట కొన్నాళ్లు కనబడదు. చెప్పలేని మాట మర్నాడే తిరిగొస్తుంది.

పరిశుద్ధ గ్రంథాన్ని అలా వరస పెడితే పైకి ఏమేం తేలతాయో నేను చూశాను. చెప్పెను, వచ్చెను, రాజు, చెయ్యి. వాటి వెనకే కొట్టెను, చచ్చెను, కత్తి, నెత్తురు.

"ఇయ్యన్నీ మా పేట మాటలేనండి అయ్యగారూ," అని నవ్వాడు ఆయన శిష్యుడు గెర్షోము.

వాడు చదువుకోవడానికి రాకముందు వాళ్ల ఊరి చర్చి స్థలం తగాదాల్లో ఒక వర్గం తరఫున కర్ర పట్టినవాడు. ఇద్దరి కాళ్లు విరగ్గొట్టి జైలుకు వెళ్లాడు. అక్కడ మనసు మారి ఇక్కడికొచ్చాడు. చేతులు మాత్రం ఇంకా మారలేదు. నా మీటలు నొక్కేవాడు కాదు, గుద్దేవాడు.

"మెల్లిగారా! అది నీ అవతలి పార్టీ కాదు," అనేవారు కృపావరం గారు.

ఒక సాయంత్రం ఊరి నుంచి ఫోను వచ్చింది. అవతలి వర్గం పెద్ద జాకబు, చర్చి ఆవరణలోనే గెర్షోము తమ్ముడు ఎలీయెజెరును కొడవలితో నరికాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోందట. గెర్షోము లేచాడు. వంటశాలలోకి వెళ్లి, కొబ్బరి బోండాలు కొట్టే కత్తి తెచ్చి తువ్వాలులో చుట్టాడు. ఊరికి వెళ్లే రైలుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది.

తిరిగి చూస్తే గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కృపావరం గారు. ఆయన ఒడిలో నేను.

"తప్పుకోండి అయ్యగారూ. ఆ జాకబుగాడి పీక కొయ్యకుండా నాకు ముద్ద దిగదు."

"వెళ్దువుగాని. ఇవాళ్టి పాఠం ఒప్పజెప్పు. ఖెరెబ్?"

"కత్తి! లెగండంటే!"

"దామ్?"

"నెత్తురు!"

"హారగ్?"

"చంపెను! చంపుతాను! అడ్డమొస్తే మిమ్మల్నీ చంపుతాను!"

ఆయన గొంతు నిదానంగానే ఉంది. నన్ను మాత్రం రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు.

గెర్షోము కాలెత్తి తన్నాడు. నా తెర పగిలింది, కుర్చీ తిరగబడింది, ఆయన నుదురు గడపకు కొట్టుకుంది. కళ్లజోడు వాడి చెప్పు కింద నలిగింది. నెత్తురు బొట్లు బొట్లుగా నా మీటల సందుల్లోకి దిగింది. వెచ్చగా ఉంది.

ఇప్పుడు గుమ్మం ఖాళీ. వాణ్ణి ఆపేవాళ్లు లేరు.

ఆయన నేల తడుముకుంటూ నన్ను దగ్గరికి లాక్కున్నారు. నా తెరలో సగమే వెలుగుతోంది. దాన్ని ముఖానికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇంకొక్కటే మిగిలిందిరా. తల్?"

గెర్షోము గుమ్మంలో ఆగాడు.

"తెలీదండి."

"మంచు. తెల్లారగట్ల గడ్డి మీద పడుతుందే, అది. ఆ మాట అరుదుగా వస్తుందిలే. నువ్వింకా అక్కడిదాకా రాలేదు. రేపు మళ్లీ అడుగుతాను."

"రేపు నేనిక్కడుంటేగా."

"ఉండరా."

దూరంగా రైలు కూత వేసింది. నెత్తురు ఆయన కంట్లోకి కారుతోంది, ఆయన చేత్తో తుడుచుకుంటే ఇంకా పులుముకుంటోంది. గెర్షోము తువ్వాలు విదిల్చాడు. కత్తి ఖంగున నేల మీద పడింది. వాడు మోకాళ్ల మీద కూలబడి, తువ్వాలు మడిచి ఆ నుదుటికి అదిమిపట్టాడు. రైలు వెళ్లిపోయేదాకా చెయ్యి తియ్యలేదు.

మర్నాడు తెల్లవారేసరికి జాకబును పోలీసులు పట్టుకుపోయారని తెలిసింది. గెర్షోమును వెంటబెట్టుకుని కృపావరం గారు ఆస్పత్రికి బయల్దేరారు. తిరిగొచ్చేటప్పుడు బాగు చేయిద్దామని నన్నూ గుడ్డ సంచిలో వేసుకున్నారు. నేను బాగయ్యేదాన్ని కాదని కొట్టువాడు తేల్చేశాక, ఇదిగో, ఈ పాత ఇనప సామాను గుట్టలో పడ్డాను. నాలో నిలిచిపోయిన చివరి మాటలు ఆస్పత్రిలోవే.

ఎలీయెజెరు చెయ్యి దక్కలేదు.

"నరికేశావా అన్నా ఆణ్ణి?"

"లేదురా."

"మరి రాత్రంతా ఏం చేశావు?"

"అయ్యగారి తల పగలగొట్టాను."

కట్టు కట్టి ఉన్న అయ్యగారి ముసలి తలను ఎలీయెజెరు కాసేపు చూశాడు. ఛీ అని గోడవైపు తిరిగిపోయాడు. చాలాసేపటికి, ఇటు తిరక్కుండానే, మిగిలిన చేతిని వెనక్కి చాపాడు.

"నీళ్లియ్యి."