స్టెల్లా మళ్లీ ఊటీకి వెళ్లింది

సత్యవేడు దగ్గరి పల్లెలో పుట్టిన స్టెల్లా పది కిలోమీటర్ల పరుగులో రాష్ట్ర విజేత. డోపింగ్ పరీక్షలవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి ఆమె రక్తం తీసుకుని, పాత ఫలితాలతో పోల్చి చూసేవారు. ఈసారి హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. పోటీకి ముందు రక్తం ఎక్కించుకున్నావేమో, సంజాయిషీ ఇవ్వమన్నారు. అది తేలేదాకా పోటీల్లో పరుగెత్తవద్దన్నారు.

తిరుపతిలో ఆమెకు శిక్షణ ఇచ్చే ధనంజయ దిగులుపడ్డాడు. "ఏదైనా ఉద్యోగం చూసుకోమ్మా. వాళ్లతో యాడ కొట్లాడతావు?"

"నేనేం తప్పు చేసినానని మానుకోవాల సార్? ఊటీలో ప్రాక్టీసు చేసి వచ్చినాకనే పెరిగింది. ఆ ఎత్తులో గాలి పల్చన కదా, ఒళ్లు ఎర్రకణాలు ఎక్కువ చేసుకుంటాది. మళ్లీ ఆడికే పోతా. వాళ్లనే వచ్చి వారం వారం రక్తం తీసుకోమనండి."

తండ్రి ఇమ్మానుయేల్ భయపడ్డాడు. "ఈసారి పెరగకపోతే ఏం చేస్తావు పాపా?"

"పెరుగుతాది నాయనా."

అలా అన్నదే గానీ, ఊటీలో సూది గుచ్చిన ప్రతిసారీ పెరగలేదేమోనని ఆమెకు భయంగానే ఉండేది. అయినా చెయ్యి చాపడానికి వెనకాడలేదు, పరుగూ ఆపలేదు. చివరికి నిపుణులు ఫలితాలు పోల్చి చూసి, ఊటీకి వెళ్లిన రెండుసార్లూ రక్తం ఒకేలా మారిందని, ఆమె తప్పేమీ లేదని తేల్చారు.

జాతీయ పోటీలు అప్పటికే అయిపోయాయి. స్టెల్లా కాసేపు ఏడ్చింది. తర్వాత ధనంజయకు ఫోన్ చేసి, "రేపు గ్రౌండుకు ఎన్నింటికి రావాల సార్?" అని అడిగింది.