నూనె గుడ్డల డబ్బా

పాలిష్ మేస్త్రి పోలీస్ స్టేషన్ వరండాలో పాత పెయింటు డబ్బా దించి, నూనెలో ముంచి పిండిన గుడ్డలు దాన్నిండా కుక్కాడు. మూత ఓరగా పెట్టి గోడ గడియారం చూశాడు. ఒంటిగంటా పది.

"అగ్గిపెట్టె ఏదీ?" అన్నాడు కానిస్టేబుల్.

"అక్కర్లేదు. దానంతటదే అంటుకుంటుంది."

"ఓహో! మంత్రం కూడా చదువుతావా?"

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "నాలుగింటికి మీ బావ అరెస్టు కాగితాల్లో చూపించి కోర్టుకి పంపుతున్నా. ఆలోపు పొగ వచ్చిందా, సరే. రాలేదా, ఆ డబ్బా నీ నెత్తినే బోర్లిస్తా" అనేసి లోపలికి పోయాడు.

మేస్త్రి పనిచేసే ఫర్నిచర్ షెడ్డు ఆదివారం మధ్యాహ్నం తగలబడింది. భోంచేసి లోపల పడుకున్న వాచ్‌మన్ తాత బయటికి రాలేదు. ఆ పొద్దున్నే ఓనరుకీ, అక్కడే వడ్రంగం చేసే బావకీ మాటా మాటా పెరిగింది. "నీ షెడ్డు తగలబడిపోను!" అని వీధంతా వినేలా అరిచాడు బావ. ఇంకేం కావాలి? చీకటి పడకముందే లాకప్పులో పడ్డాడు.

మేస్త్రి కూడా నమ్మాడు. బావ కోపం అలాంటిది. నిన్న ఆ ఫోను వచ్చేదాకా నమ్మాడు.

ఫోను చేసినావిడ ఆదివారం మొగుడితో వచ్చి టేకు డైనింగ్ టేబుల్ కొనుక్కుంది. మేస్త్రే దగ్గరుండి ఎంపిక చేయించాడు. "పైన చూస్తే నా పాలిషే కనబడుతుందమ్మా. అడుగు చూడండి" అని టేబుల్ తిరగేశాడు. కాలి అంచున తెల్లగా ఉన్న చోటు గోటితో నొక్కి, "ఇది చేవ కాదు. పురుగు ముందు ఇక్కడే దూరుతుంది. పక్కది తీసుకోండి" అన్నాడు. ఓనరు ఉరిమి చూశాడు. "ఎండ తగలనివ్వకండి. వేడి గిన్నెలు పెట్టకండి. ఇంటికెళ్లాక ఒకసారి, తర్వాత ఆర్నెల్లకోసారి ఈ నూనె పల్చగా పూసి తుడవండి" అని కాచిన అవిసె నూనె సీసా, రెండు పాత బనియన్ గుడ్డలు చేతిలో పెట్టి పంపాడు.

"ఏం నూనెయ్యా అది? తుడిచిన గుడ్డలు కవర్లో చుట్టి బాల్కనీలో పడేశాం. మూడు గంటలు తిరక్కుండా కవరు కాలి బూడిదైంది!" అని నిన్న ఫోనులో అరిచింది ఆవిడ.

మేస్త్రికి షెడ్డులో తను తుడిచిన గుడ్డలు గుర్తొచ్చాయి.

ముప్పై ఏళ్లుగా తుడిచిన గుడ్డల్ని విడివిడిగా తీగ మీద ఆరేస్తున్నాడు. పని నేర్పినాయన అలా చెయ్యమన్నాడు, చేశాడు. ఎందుకని అడగలేదు. వాసన పోవడానికి కాబోలనుకున్నాడు. ముద్దగా కుక్కితే ఆ నూనెకి లోపల వేడి పుట్టి రగులుతుందని తెలీదు. ఆ ఆదివారం మాత్రం ఓనరు, "కస్టమర్లు వచ్చే వేళకి ఈ మురికి పీలికలేంటయ్యా? తీసెయ్!" అని కసిరాడు. అప్పుడే ఆరేసిన గుడ్డలన్నీ లాగి గోనెసంచిలో కుక్కి, రంపపు పొట్టు పక్కన పడేశాడు మేస్త్రి. అక్కణ్నుంచి తాత మంచం నాలుగడుగులు.

గుడ్డలు సంచిలో ఉన్నాయని ఇన్‌స్పెక్టరుకి చెప్పాడు. ఎవరు కుక్కారో ఆయన ఇంకా అడగలేదు.

రెండున్నరకి అక్క వచ్చి డబ్బా పక్కన చతికిలబడింది.

"వచ్చిందా?"

"ఇంకా లేదు."

"నీ ఏడుపు మొహం చూసి జడుసుకుందేమో. కాస్త అవతలికి జరుగు."

మేస్త్రి జరిగాడు. ఇద్దరూ డబ్బాకేసి చూస్తూ కూర్చున్నారు. అక్క గొంతు తగ్గించి అంది.

"ఒరేయ్, పొగొస్తే మీ బావని వదిలేస్తారు. మరి తాత చావు ఎవరి మీద వేస్తారు?"

"ఎవరి మీదా వెయ్యరు. నిప్పు దానంతటదే అంటుకుంది కదా."

"గుడ్డలు వాటంతటవే సంచిలోకి దూరాయా?"

మేస్త్రి తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

మూడూ నలభై. జీపు స్టార్టయింది. అక్క అరచెయ్యి డబ్బాకి ఆనించి, చురుక్కుమంటే లాక్కుంది. మాడిన నూనె వాసన. మూత సందులోంచి దారప్పోగంత పొగ. మేస్త్రి తలెత్తలేదు. కుళాయి కింద నిండు బకెట్టు ఉంది, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. అక్క బకెట్టుకేసి చూసింది. తమ్ముడి మెడ మీద పట్టిన చెమట చూసింది.

లోపల్నుంచి బేడీలతో బావని నడిపించుకొస్తున్నారు.

"సార్!" అని అక్క కేకేసింది. "సార్, పొగ! పొగొచ్చింది!"

ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చి లాఠీతో మూత తోశాడు. గాలి తగలగానే భగ్గుమంది. కానిస్టేబుల్ వెనక్కి గెంతాడు.

"బేడీలు తీయ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. "ఆ రోజు సంచిలో కుక్కింది ఎవరు?"

"ఓనరు తీసెయ్యమంటేనే సార్..." అక్క అందుకుంది.

"ఎవరు తీసెయ్యమన్నారని అడగలేదమ్మా."

"నేనే సార్" అన్నాడు మేస్త్రి.

బావ మణికట్లు రుద్దుకుంటూ అతని ముందు ఆగాడు. "నాలుగు రోజులు, నేనే ఆ ముసలాణ్ని చంపాననుకున్నావు కదరా."

కానిస్టేబుల్ భుజం పట్టుకుంటే మేస్త్రి లోపలికి నడిచాడు.

"ఇంటికి పద" అన్నాడు బావ.

అక్క లేవలేదు.