నేను వేసిన సున్నా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అననీ. పదకొండేళ్ళుగా పనిచేసే చోట నాకున్న కాస్త గౌరవమూ ఆ ముక్కు మీదే ఉంది.

నా అసలు పని కుట్టు. అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసుకెళ్ళే నౌక మా దగ్గర తయారవుతోంది. అందులో మనుషులెవరూ ఎక్కరు. తిండి పొట్లాలు, బట్టలు, నీళ్ళు వడపోసే డబ్బాలు తీసుకుని తనంతట తాను పైకి వెళ్ళి, అక్కడున్న ఆరుగురికి అప్పగించి రావాలి. ఆ సరుకులు కూరే తెల్ల గుడ్డ సంచులు కుట్టేది నేను.

దానితోపాటు ఇంకో పని కూడా ఉంది. పైకి వెళ్ళే ప్రతి వస్తువునూ ముందుగా ఐదుగురం వాసన చూస్తాం. అక్కడ కంపు కొడుతోందని కిటికీ తెరుచుకునే వీలు లేదు కదా, ఒకసారి లోపలికి వచ్చిన వాసనను నెలల తరబడి పీలుస్తూ కూర్చోవాల్సిందే. అందుకని మేం సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తాం. సున్నా అంటే వాసనే లేదు, నాలుగంటే కడుపులో తిప్పుతుంది. ఐదుగురి సగటు రెండున్నర దాటితే ఆ వస్తువు నౌక ఎక్కదు. ఎవరి మార్కు వాళ్ళు చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి, ఒకరితో ఒకరు చెప్పుకోకూడదు. ఐదుగురిలో పేరుమోసిన ముక్కు నాదే. అందరూ నన్ను 'పెద్దముక్కు' అంటారు గానీ, చూడ్డానికి అది చిన్నదే.

నౌక తలుపు మూసే ముందు చివరిసారి లోపల తలపెట్టి వాసన చూసే మనిషి ఒకరుంటారు. తొలి నౌకకు ఆ మనిషిని నేనేనని ఎప్పుడో రాసిపెట్టారు. ఇంజను పగిలిందని రెండేళ్ళు, తలుపు బిగుసుకుపోయిందని ఒక ఏడాది వెనక్కి జరిగినా నేను ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాను. సంచులు ఎవరైనా కుడతారు, ఆ తల మాత్రం నాది.

సరిగ్గా ఆ సమయానికే నాకు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో తగ్గింది గానీ వాసన తిరిగి రాలేదు. సబ్బు వాసన లేదు, కాఫీ తాగితే వేణ్ణీళ్ళు తాగినట్టుంది. రెండు రోజుల్లో అదే వస్తుందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. అంతలో సంచుల మూతలకు వేసే కొత్త అంటుపట్టీ, వెనక జిగురు పూసిన వెల్క్రో లాంటిది, పరీక్షకు వచ్చింది.

ప్రతిసారీ వస్తువు కంటే ముందు మా ముక్కులకే పరీక్ష పెడతారు. పది సీసాలుంటాయి, మూడింటిలో ఉత్త నీళ్ళు. నర్సు ఒక్కో మూతా తీస్తుంటే వాసన ఉందో లేదో చెప్పాలి. ఆ నర్సు మా ఆడపడుచే. వాసన ఉన్న సీసా తెరిచేటప్పుడు దాని పై పెదవి కాస్త బిగుసుకుంటుంది. అది దానికి తెలియదు, నాకు తెలుసు. ఆ రోజు సీసాల వైపు చూడకుండా దాని మొహమే చూస్తూ పదికి పదీ సరిగ్గా చెప్పాను.

"నీ ముక్కు బంగారం వదినా!" అంది.

తర్వాత పట్టీ ఇచ్చారు. పీల్చాను. ఏమీ లేదు. సున్నా రాశాను. నాకు రానిదాన్ని రాలేదని రాశాను, ఇందులో అబద్ధమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పట్టీ పాసైంది. అరవై నాలుగు సంచులకు దాన్ని నా చేత్తోనే కుట్టాను. కుట్టిన సంచిని కుట్టినట్టే కవరులో మూసి పంపేశాను. సంచులన్నీ నౌకలోకి చేరాయి.

తలుపు మూసే ముందురోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో వ్యాను డ్రైవరు నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఐదు ముక్కుల్లో అతనిదీ ఒకటి.

"అక్కా, ఆ పట్టీ ఎలా పాసైందంటావ్?" అన్నాడు గొంతు తగ్గించి. "నేను మూడేశాను. పెయింటరూ, లైబ్రరీ మేడమూ మూడే వేశారట. గేటు దగ్గరాయన రెండు. రూల్సంటూ మా ప్రాణం తీస్తావని నీకు చెప్పలేదు గానీ, బయటికొచ్చాక అనుకున్నాంలే. నువ్వెలాగూ నాలుగేసుంటావ్. మరి లెక్క ఎలా కుదిరిందో!"

టేబుల్ మీద ఒలికిన నీళ్ళతో లెక్క వేశాను. మూడు మూళ్ళు తొమ్మిది, రెండు కలిపితే పదకొండు, ఐదుతో భాగిస్తే రెండూ పాయింటు రెండు. నా చీటీ తీసేసి నలుగురితోనే భాగిస్తే రెండుముప్పావు. పట్టీని పాస్ చేసింది నా సున్నాయే.

"ఏంటక్కా, అలా అయిపోయావ్?"

"ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. పాపం, అతను చేసిన తప్పేమీ లేదు.

ఆ మధ్యాహ్నమంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. మా ఇన్‌చార్జిని గడియారం సారంటారు, మాట్లాడేటప్పుడు మనిషిని కాకుండా చేతి గడియారాన్ని చూస్తాడు కాబట్టి. ఆయన గది దాకా మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపు మూసి ఉంది. రెండోసారి ఆయన ఫోన్లో ఎవరికో "రేపు మూసేస్తున్నాం, ఇక ఆగేది లేదు" అంటున్నాడు. మూడోసారి నన్ను చూసి, "రేపు జలుబూ గిలుబూ తెచ్చుకోకమ్మా" అని నవ్వాడు. నేనూ తేలు కుట్టిన దొంగలా నవ్వి వచ్చేశాను. చెబితే ప్రయోగం తేదీ పోతుంది. నా చోటు పోతుంది. పరీక్ష పెట్టింది ఆడపడుచు కాబట్టి దాని మెడకూ చుట్టుకుంటుంది. చెప్పకపోతే? జిగురు కదా, ఈపాటికి ఆరిపోయి ఉంటుంది.

సాయంత్రం ఇంటికి వెళ్తే, "రేపు మా వదిన తలపెడితేగానీ తలుపు పడదు" అని ఆడపడుచు వీధిలో అందరికీ చెప్పి ఉంది. దాని ఎదురుగా కూర్చోలేక కంచం వంటింట్లోకి తీసుకెళ్ళాను.

మర్నాడు పొద్దున లోపలికి గాలి కొట్టే గొట్టం ఆపేసి, తలుపు గంటసేపు మూసి ఉంచారు. సరుకు సర్దినన్ని రోజులూ ఆ గాలి ఆడుతూనే ఉంది. సర్దినవాళ్ళేమో మొహాలకు మాస్కులు కట్టుకుని ఉన్నారు. లోపల వాసన ఉందో లేదో ఎవరికీ తెలిసే అవకాశమే లేకపోయింది. తలుపు తెరిచారు. నేను మాస్కు తీసి తల లోపల పెట్టాను.

లోపల సన్నటి దీపం వెలుగులో నా సంచులు వరసలు వరసలుగా బెల్టులకు కట్టి ఉన్నాయి. ప్రతి కుట్టూ తెలుసు నాకు. పదకొండేళ్ళు కోరుకున్న చోట తలపెట్టి, ఊపిరి తిత్తుల నిండా పీల్చాను. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాను. గోడను వాసన చూసినట్టుంది. పైన కూడా ఎవరో ఒకరు మొదటిసారి ఈ తలుపు తీసి, ఇలాగే తలపెట్టి ఊపిరి పీలుస్తారు. వాళ్ళ ముక్కు పనిచేస్తూ ఉంటుంది.

తల బయటికి తీసేసరికి గడియారం సారు సంతకం కాయితం, పెన్ను పట్టుకుని ఉన్నాడు. "బాగుందా అమ్మా?"

పెన్ను అందుకున్నాను. అందుకుని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టేశాను.

"నాకు తెలీదు సార్. జ్వరం వచ్చినప్పటి నుంచి ముక్కు పనిచేయడం లేదు. ఆ పట్టీకి సున్నా వేసింది నేనే. నాకు ఏమీ తెలియకుండానే వేశాను."

నర్సుగా ఆ రోజు అక్కడే డ్యూటీలో ఉన్న ఆడపడుచు వెనకనుంచి ముందుకొచ్చింది. "పదికి పదీ చెప్పావు కదా వదినా!"

"సీసాల్ని బట్టి కాదే. నీ మొహాన్ని బట్టి చెప్పాను."

అది నన్ను అలాగే చూస్తూ మాస్కు లాగేసింది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తలుపులో తల పెట్టింది. మూడు లెక్కపెట్టేలోపే దగ్గుతూ బయటికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"దీనికా నువ్వు సున్నా వేసింది?" అంది.

ప్రయోగం ఐదు వారాలు వెనక్కి పోయింది. వాసన చూసే ఐదుగురిలోంచి నన్ను తీసేస్తున్నట్టు కాయితం ఇచ్చారు. ఆడపడుచును వేరే భవనంలో కట్లు కట్టే గదికి మార్చారు. నాలుగు రోజులు అది నాతో మాట్లాడలేదు. పైనున్న ఆరుగురూ ఉన్న తిండినే కొలుచుకుని తింటున్నారని విన్నప్పుడల్లా నా కంచంలోనూ సగమే పెట్టుకునేదాన్ని.

సంచులు బయటికి తీసి, పట్టీలు ఊడదీసి, కొత్తవి కుట్టాలి. సంచులన్నీ గుట్టపోసిన కుట్టు గదిలో పావుగంట మించి ఎవరూ నిలవలేకపోయారు. ఒకమ్మాయి మెట్ల మీదే వాంతి చేసుకుంది. చివరికి ఆ గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. కత్తెరతో ఒక్కో కుట్టూ తెంపుతూ కూర్చున్నాను.

ఐదో రోజు ఆడపడుచు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇంత కంపులో ఎలా కూర్చున్నావే వదినా?"

"నాకేం తెలియడం లేదే" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి నేనే వినేసరికి ఏడుపు ఆగలేదు. జ్వరం తగ్గినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు నేను.

అది లోపలికి వచ్చి, పక్కన కూర్చుని, ఇంకో కత్తెర తీసుకుంది. ఒక సంచి పూర్తయ్యేదాకా ఉండి, ఇక తన వల్ల కాదని లేచి వెళ్ళింది.