నాలుకకు చురుక్కుమన్న సబ్బు

కోడలు సబ్బు బిళ్ళను కుళాయి కింద తడిపింది. వేలితో రుద్ది, ఆ వేలిని నాలుక కొనకు ఆనించుకుంది. వెంటనే మొహం చిట్లించి, సింకులోకి ఉమ్మేసి, గబగబా నోరు పుక్కిలించింది.

వంటింటి గడపలో నిలబడి చూస్తున్న అత్తగారు ఒక్క అంగలో లోపలికొచ్చింది.

"ఏమైందే?"

"చురుక్కుమంది అత్తయ్యా."

"సబ్బు నాలిక్కి తగిలితే చురుక్కుమనక తియ్యగా ఉంటుందా?"

"వెగటుగా ఉండాలి, అంతే. ఇలా సూది గుచ్చినట్టు ఉండకూడదు."

ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మామగారు తల ఎత్తకుండానే అన్నారు. "ఈ ఇంట్లో కూర రుచి చూసేవాళ్ళు లేరు గానీ, సబ్బు రుచి చూసేవాళ్ళున్నారు."

"మీరు ఊరుకోండి!" అంది అత్తగారు. ఆవిడకి నవ్వు రాలేదు. సాయంత్రం పెద్దాయమ్మ వస్తుంది.

వీధి చివర పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఉంది. దాన్ని నడిపే ఆవిణ్ణి వీధంతా పెద్దాయమ్మ అనే పిలుస్తారు. అక్కడి ఆయాలు ఒక పిల్ల ముక్కు తుడిచినా, ఇంకో పిల్లాడి గుడ్డ మార్చినా చేతులు కడుక్కోవాలి. రోజంతా అదే పని. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలిపోతోందని వాళ్ళ గోల. కోడలు ఇంట్లో సబ్బులు చేస్తోందని విని పెద్దాయమ్మ ఒక మాట అంది. "ముందు ఒక పెట్టె ఇవ్వమ్మా. మావాళ్ళు వాడి చూస్తారు. నచ్చితే ఇక నీ దగ్గరే."

నచ్చకపోతే ఏమవుతుందో అత్తగారికి తెలుసు. ప్యాకింగ్ ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారు. అక్కడ పని చేసిన రోజుల్లో ఈ పిల్ల వాచిన పాదాలతో ఇంటికొచ్చి, కూర్చుంటే లేవలేనని నిలబడే అన్నం తినేది. కొడుకు చూసీ చూడనట్టు పళ్ళెం పెట్టుకోవడానికి ఎత్తు స్టూలు జరిపేవాడు. మళ్ళీ ఆ పాదాలు చూడటం ఆవిడకి ఇష్టం లేదు.

ఇప్పుడిలా అనుకుంటోంది గానీ, మొదట్లో సబ్బు పేరెత్తితేనే అత్తగారు ఒంటికాలి మీద లేచింది. కోడలు మహిళల శిక్షణ తరగతిలో నేర్చుకుని వచ్చి, కాస్టిక్ సోడా డబ్బా గూట్లో పెట్టిన రోజు ఇంట్లో పెద్ద రభస.

"విషం తెచ్చి వంటింట్లో పెడతావా? దాంతో ఒళ్ళు రుద్దుకుంటామా? కాస్టిక్ లేకుండా చెయ్యి, చేతనైతే!"

"కాస్టిక్ లేకుండా సబ్బే కాదు అత్తయ్యా. నూనె నూనెలాగే ఉండిపోతుంది. బజారు సబ్బూ అలా పుట్టిందే."

"అయితే ఆ విషమంతా సబ్బులోనే ఉంటుందిగా?"

"పాలు తోడుకుని పెరుగయ్యాక, అందులో పాలెక్కడుంటాయి? ఇదీ అంతే. కాస్టిక్కూ నూనే కలిసి సబ్బైపోతాయి. లెక్క కుదిరితే కాస్టిక్ మిగలదు."

పెరుగు మాటతో అత్తగారు కొంచెం మెత్తబడింది. కానీ పూర్తిగా లొంగలేదు. పెద్ద మనసు చేసుకుని తన పాత అల్యూమినియం గిన్నె ఇస్తానంది. కోడలు వద్దంది. ఎందుకు వద్దో నోటితో చెప్పకుండా పెరట్లోకి తీసుకెళ్ళి, సొట్టపోయిన అల్యూమినియం మూతలో చిటికెడు కాస్టిక్ కలిపిన నీళ్ళు పోసింది. మూత బుసబుసమని పొంగి, నల్లగా మారింది. "అమ్మో!" అని అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి, మర్నాడే స్టీలు గిన్నె ఒకటి సబ్బు పనికే విడిగా తీసిపెట్టింది.

ఆ తర్వాత ఆవిడే కాపలాదారయ్యింది. సబ్బు చేసే రోజున కిటికీలన్నీ తెరిచేది. కోడలికి కళ్ళద్దాలు, గ్లవ్స్ ఉన్నాయా లేదా చూసేది. ఎవరి దగ్గరో విని, కాస్టిక్ ఒంటి మీద పడితే పోయడానికి వెనిగర్ సీసా సిద్ధంగా పెట్టింది. కోడలు నవ్వకుండా ఆ సీసాను మళ్ళీ గూట్లో పెట్టేసింది. "పడితే నీళ్ళే అత్తయ్యా. కుళాయి కింద చాలాసేపు. వెనిగర్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఈలోపు చర్మం పోతుంది."

కాస్టిక్ కలిపే తీరు చూస్తే అత్తగారికి ముచ్చటేసేది. ముందు నీళ్ళు, ఆ నీళ్ళలో కాస్టిక్, కొంచెం కొంచెంగా. ఎంత తొందరలో ఉన్నా ఆ వరస తప్పదు. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఎగచిమ్ముతుందట. చంటిపిల్లకు ఉగ్గు పట్టేంత శ్రద్ధగా, ఊపిరి బిగబట్టి కలిపేది. తనకి అంత ఓపిక ఏనాడూ లేదనిపించేది అత్తగారికి.

అంత శ్రద్ధగా చేసిన సబ్బు ఇవాళ నాలుకను కుట్టింది.

"ఇంకొన్నాళ్ళు ఆరనిద్దాం. అదే పోతుంది" అంది అత్తగారు.

"ఆరితే గట్టిపడుతుంది, చర్మానికి కొంచెం హాయిగా కూడా ఉంటుంది. కానీ మిగిలిపోయిన కాస్టిక్ ఎక్కడికి పోతుంది? దాన్ని తినడానికి నూనె ఉండాలి కదా."

"నురగ మాత్రం దంచేస్తోందే!"

"నురగకేం అత్తయ్యా, చేతులు మండించే సబ్బుకీ వస్తుంది."

తప్పెక్కడ జరిగిందో తేల్చుకోవాలని కోడలు కాటా తీసి, అంగట్లో కొన్న ఉప్పు ప్యాకెట్టు విప్పకుండా దాని మీద పెట్టింది. తూకం సరిగ్గానే చూపించింది. కాస్టిక్ డబ్బా చూసింది. కొత్తదే. చివరికి నూనె డబ్బాలు దించింది. కొబ్బరి నూనె డబ్బా ఎత్తగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఇంత బరువుందేంటి? ఇందులో ఇంత మిగలకూడదే."

అత్తగారి మొహం వెలిగిపోయింది.

"ఆ, అదా! నేను చెప్పలేదు కదూ నీకు. ఆవేళ నువ్వు నూనె తూచిపెట్టి, ఫోనొచ్చిందని బయటికెళ్ళావు చూడు. కొబ్బరి నూనెతో సబ్బైతే చర్మం ఎండిపోతుంది, పాపం వాళ్ళ చేతులు ముందే పగిలున్నాయి అనుకుని, సగం తీసేసి నువ్వుల నూనె పోశాను. మా అమ్మ పసిపిల్లలకి అదే మర్దనా చేసేది. అంత మెత్తన!"

కోడలు డబ్బా కింద పెట్టింది.

"నేనేం గుడ్డిగా పొయ్యలేదమ్మాయ్" అని అత్తగారు మరికాస్త గర్వంగా చెప్పింది. "కాటా మీద పెట్టి మరీ, ఎంత తీశానో అంతే పోశాను. బొట్టు అటూ ఇటూ కాలేదు."

"ఆవేళ జలుబుతో ముక్కు మూసుకుపోయింది నాకు" అంది కోడలు మెల్లగా. "లేకపోతే వాసన తెలిసేది."

ఆ గొంతు విన్నాక గానీ అత్తగారికి తట్టలేదు. "అంటే... నేనే పాడుచేశానా?"

కోడలు పీట లాక్కుని కూర్చుంది. అరవలేదు. తల పట్టుకోనూ లేదు. "నూనె మంచిదే అత్తయ్యా. కాకపోతే ఒక్కో నూనెకి ఒక్కో ఆకలి. కొబ్బరి నూనె కాస్టిక్‌ని ఎక్కువ తింటుంది. నువ్వుల నూనె అంత తినలేదు. నేనేమో కొబ్బరి నూనె ఆకలికి వడ్డించాను. పంక్తిలో నువ్వుల నూనె వచ్చి కూర్చుంది. వడ్డించింది మిగిలిపోయింది."

"నూనె నూనే కదమ్మా?" అన్నారు మామగారు, పేపరు మడిచి వస్తూ. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు.

"మామయ్యా, మీ బస్సులో డీజిల్ బదులు పెట్రోలు పోసుంటే?"

"బండి పోయేది. దాని వెనకే నా ఉద్యోగమూ పోయేది." ఆయన భార్య వంక చూశారు. "ఏమేవ్, నీ చేతికి బంకు ఇవ్వలేదు, నయం."

అత్తగారు నువ్వుల నూనె డబ్బాను మెల్లగా వెనక్కి జరిపింది. ఆయన మీద విరుచుకుపడకుండా ఆవిడ ఊరుకోవడం మామగారికే కంగారు పుట్టించింది. "అబ్బే, సరదాకన్నానే" అని సర్దుకున్నారు.

అప్పుడే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పెద్దాయమ్మ అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది.

అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది. "ఇచ్చెయ్యవే. చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయి. నురగొస్తోంది. ఎవరికి తెలుస్తుంది?"

"వాళ్ళ చేతులకి తెలుస్తుంది" అంది కోడలు. గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

అత్తగారు తలుపు చాటున నిలబడి వింది.

"ఈ సబ్బులు ఇవ్వలేనండీ. కాస్టిక్ ఎక్కువైంది, చేతులు ఇంకా పగులుతాయి. నా లెక్క తప్పింది. రేపటిదాకా ఆగితే సరిచేసి ఇస్తాను."

నా లెక్క తప్పింది! అత్తగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్తయ్య చెయ్యి పెట్టిందని ఒక్క ముక్క చెబితే పోయేదేముంది? వీధంతా నవ్వి ఊరుకునేది. ఆ ఒక్క ముక్కే ఈ పిల్ల నోట రాలేదు.

"రేపు సాయంత్రం లోపైతే సరే" అంటోంది పెద్దాయమ్మ. "ఆ తర్వాత నేను బజారు సరుకే తెప్పించుకుంటాను. ఏమనుకోకమ్మా, నాకూ పని ఆగదు కదా."

ఆవిడ వెళ్ళగానే అత్తగారు కొంగు నడుముకి బిగించింది. "చెప్పు. ఏం చెయ్యాలి?"

"తురమాలి. నీళ్ళు కొంచెం పోసి సన్న మంట మీద కరిగించాలి. తక్కువైన నూనె కలిపి ఉడికించాలి. మీరు తూచి పోశారు కాబట్టి బతికిపోయాం అత్తయ్యా. సగమని తెలిసింది గనక ఇంకెంత నూనె కావాలో లెక్క కట్టొచ్చు. ఊరికే వంపేసి ఉంటే ఇవన్నీ పారబొయ్యాల్సిందే."

ఆ మాట అత్తగారి ప్రాణానికి చల్లగా తగిలింది. ఇంత చేసినా తన పనిలో మెచ్చుకోవలసిన ముక్కొకటి వెతికి పట్టుకుంది చూడు, అనుకుంది.

మామగారికి తురిమే పని పడింది. గ్లవ్స్ వేసుకోమంటే "స్టీరింగు తిప్పిన చేతులకి ఇవేంటమ్మా" అని సణుగుతూనే వేసుకున్నారు. ఆయన గూట్లోంచి తురిమే పీట లాగబోతే అత్తగారు కేకపెట్టింది. "అది కొబ్బరి తురిమేదండీ! రేపు పచ్చట్లో నురగొస్తుంది!" సబ్బుకి విడిగా ఉన్న తురుముడు పీట కోడలు అందించింది.

ముత్యాల్లాంటి బిళ్ళలన్నీ గిన్నెలో పొడిపొడిగా రాలాయి. కరిగి, ముద్దై, అడుగంటబోతే కోడలు తిప్పింది. ఆమె చెయ్యి నొప్పెడితే అత్తగారు తిప్పింది. నువ్వుల నూనె తూచి పోశాక గిన్నెలో ముద్ద మొదట విరిగినట్టై, తర్వాత మెల్లగా కలిసింది. కోడలు కొంచెం తీసి చల్లార్చింది. తడిపి వేలికి రాసుకుని నాలుక దగ్గరికి తీసుకెళ్తుంటే, అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా నాలుక పెడతా. చేసింది నేను."

"అత్తయ్యా, వద్దు..."

ఆవిడ అప్పటికే రుచి చూసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కుడుతోందే" అంది, నోరు కడుక్కుంటూ.

"మీ నాలుకనే కుట్టిందంటే అది మామూలు ఘాటు కాదు" అన్నారు మామగారు.

"ఉండండి, మీ పని తర్వాత చెబుతా!" అంది అత్తగారు. మామగారు నిశ్చింతగా గ్లవ్స్ విప్పుకున్నారు.

ఇంకాసేపు ఉడికింది. మళ్ళీ చూశారు. చుర్రుమనడం తగ్గింది. ముద్ద మైనంలా మెరవడం మొదలయ్యాక కోడలు మరోసారి తానే నాలుక మీద పెట్టుకుంది. ఒక క్షణం కళ్ళు మూసుకుంది.

"వెగటు" అంది. అలా అంటూ నవ్వింది.

అత్తగారూ చూసింది. వెగటే. అంత హాయైన వెగటు ఆవిడ జన్మలో ఎరగదు.

మర్నాడు సాయంత్రం పెద్దాయమ్మ ఆ సబ్బుల్ని తిప్పి తిప్పి చూసింది. అచ్చుల్లో ఎంత నొక్కినా నున్నగా రాలేదు. గోడకి కొట్టి రాల్చిన సున్నపు పెళ్ళల్లా ఉన్నాయి.

"నిన్నటివే అందంగా ఉన్నాయే అమ్మా."

"అందంగా ఉన్నాయండీ. కుట్టేవి." కోడలు ఒక ముక్క తీసుకుని ఆవిడ ఎదుటే చేతులు కడుక్కుని చూపించింది. "ఇవి కొంచెం మెత్తగా ఉన్నాయి. గాలి తగిలేచోట ఆరబెట్టుకుని వాడితే తొందరగా అరిగిపోవు."

పెద్దాయమ్మ కూడా కడుక్కుంది. వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంది. "మావాళ్ళ పగుళ్ళు దీంతో మానిపోతాయా?"

అత్తగారు వెనకనుంచి కోడలి నడుం మీద చిన్నగా గిల్లింది. అవును అనవే, ఒక్క మాటే కదా!

"మానవండీ. సబ్బు మందు కాదు. ఇంట్లో చేసినా బజార్లో కొన్నా సబ్బు పని కడగడమే. ఇది వాళ్ళని ఎక్కువ బాధపెట్టకుండా కడుగుతుందనుకుంటున్నాను. కడిగాక తడి ఒత్తుకుని చేతులకి నూనె రాసుకోమనండి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి."

అత్తగారు కళ్ళు మూసుకుంది. అయిపోయింది అనుకుంది.

పెద్దాయమ్మ చేతులు తుడుచుకుంది. "నా దగ్గరికి సబ్బులమ్మేవాళ్ళు చాలామందొచ్చారు" అంది. "అందరివీ అన్ని రోగాలూ పోగొట్టేవే. పోగొట్టదని చెప్పి ఇచ్చినదానివి నువ్వే." పెట్టెను తన వైపుకి లాక్కుంది. "ఇవి తీసుకెళ్తున్నా. మావాళ్ళు ఏమంటారో చూద్దాం."

కేంద్రం నుంచి ఖాళీ పెట్టె తిరిగొచ్చిన రోజు దాన్ని మోసుకొచ్చింది ఒక ఆయా. చేతులు చాపి చూపించింది. పగుళ్ళు పూర్తిగా పోలేదు గానీ, ఎర్రదనం తగ్గింది. "పెద్దాయమ్మ ఇక ఇక్కడే చెయ్యించమంది. నూనె రాసుకునే పని కూడా ఆవిడే దగ్గరుండి చేయిస్తోంది" అంది.

ఆ మధ్యాహ్నమే వంటింటి కిటికీలు తెరుచుకున్నాయి. కోడలు కళ్ళద్దాలు పెట్టుకుంది. అత్తగారు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"చూస్తున్నానంతే అమ్మాయ్. దేంట్లోనూ చెయ్యి పెట్టను."

కోడలు నువ్వుల నూనె డబ్బా తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"పెట్టాలి అత్తయ్యా. చేతులకి కొబ్బరి నూనె ఒక్కటే ఎక్కువైతే ఎండబెడుతుందన్న మీ మాట నిజమే. ఇవాళ్టి నుంచి ఇందులో సగం నువ్వుల నూనే. మీరే పొయ్యండి. కాకపోతే ఎంతో ముందు చెప్పండి. దాన్నిబట్టి కాస్టిక్ తూస్తాను."

అత్తగారు చేతులు విప్పి, డబ్బా అందుకుంది. కాటా మీద గిన్నె పెట్టి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా వంపడం మొదలుపెట్టింది.